యుద్ధానికి ఒక్క రూపాయి

కొత్తగా పౌరశాస్త్రం లెక్చరర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, మన సబ్జెక్టంటే అందరికీ ఎందుకింత చిన్నచూపు?" అని అడుగుతుంటారు. ఆ సంగతి అడగాల్సింది నన్నే. నా సర్వీసులో నన్ను ఎవరు, ఎక్కడ, ఏ మాట అన్నారో వరుసగా గుర్తుంది. స్టాఫ్ రూములో నా కుర్చీని పరీక్షల డ్యూటీకి పట్టుకుపోయి తిరిగి తేని వాళ్లు గుర్తున్నారు. వేసవిలో రేకుల గది, అన్నం తిన్న తర్వాతి పీరియడ్, ఏడాది తర్వాత ఏడాది నాకే రాసిన టైమ్ టేబుల్ గుర్తుంది. "మీదేముంది మేడం, పేపర్ చదివి వినిపించినట్టే గదా" అన్న మా ఫిజిక్స్ లెక్చరర్, ఆ మాట అంటూ కొరికిన పల్లీపట్టీతో సహా గుర్తున్నాడు. నేను చర్చికి వెళ్లే మనిషిని. క్షమించమని వాక్యం చెబుతుంది, క్షమించాను. మర్చిపొమ్మని ఎక్కడుందో చూపిస్తే అదీ చేద్దును.

అయితే ఇవాళ రాస్తున్నది అవమానాల జాబితా కాదు. ఆ జాబితా ఇంకా పెద్దది. నా పాఠం వల్ల ఒక ప్రభుత్వం పడిపోయిన రోజు గురించి చెబుతాను.

భద్రాచలానికి ఎగువన, గోదావరి పక్కనున్న చిన్న కాలేజీ మాది. పిల్లల్లో సగానికి పైగా అడవి ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివేవాళ్లు. చరిత్ర, అర్థశాస్త్రం, పౌరశాస్త్రం కలిసిన గ్రూపు నాది. ఆ సంవత్సరం చలికాలంలో ఒక ఉదయం ఫిజిక్స్ లెక్చరర్ మా గదిలోకి వచ్చి, నా పుస్తకాల బీరువాను పైనుంచి కిందికి కొలిచినట్టు చూసి, "మేడం, ఇది ఎప్పుడు ఖాళీ చేస్తరు? మా సామాను పెట్టుకోవాలె" అన్నాడు.

"ఎందుకు ఖాళీ చేస్తాను?"

"అయ్యో, మీకు చెప్పలేదా? మీ గ్రూపు అవతలి గట్టు కాలేజీకి పోతున్నది. వాళ్ల ల్యాబు సామాను మనకొస్తున్నది. ప్రిన్సిపాల్ సార్లిద్దరూ మాట్లాడుకున్రు."

అవతలి గట్టు కాలేజీలో సైన్సు పిల్లలు తగ్గి ల్యాబు మూలపడింది. మా కాలేజీకి మంచి ల్యాబు లేదు. ఇద్దరు ప్రిన్సిపాళ్లు ఏదో మీటింగులో పక్కపక్కన కూర్చుని, టీ తాగుతూ ఇచ్చిపుచ్చుకునే ఒడంబడిక చేసుకున్నారు. ఇందులో ఇచ్చే వస్తువు నేను, నా పిల్లలు. పుచ్చుకునేది గాల్వనోమీటర్లు.

నేరుగా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను. సత్తుపల్లి వైపు పెద్ద వ్యవసాయ కుటుంబం ఆయనది. మాట మెత్తగా ఉంటుంది, పని మాత్రం తాను అనుకున్నట్టే జరగాలి.

"కోప్పడకండి మేడం. పటం మీద చూడండి, అవతలి గట్టు ఎంత దూరం? అరచేతి వెడల్పు" అన్నారు.

"పటం మీద బస్సులు నడవవు సార్. భద్రాచలం పోయి, వంతెన దాటి, ఇంకో బస్సెక్కి వెనక్కి రావాలి. వానాకాలంలో గోదావరి దగ్గర మొదటి వరద హెచ్చరిక ఇస్తే ఆ బస్సూ ఉండదు. అక్కడ ఆడపిల్లలకు హాస్టల్ కూడా లేదు."

ఆయన నవ్వి, టేబుల్ మీదున్న సర్క్యులర్ ఒకటి నా ముందుకు జరిపారు. ఖమ్మంలో ఉమ్మడి జిల్లా స్థాయిలో మాదిరి పార్లమెంటు పోటీలు. "మీ గ్రూపు పిల్లలు దీనిలో ఫస్టు వస్తే చూద్దాం లెండి" అన్నారు. ఆయన సరదాకే అన్నారు. నేను మాత్రం దాన్ని సరదాగా తీసుకోలేదు.

మొదటి సంవత్సరంలో ఒక పిల్ల ఉండేది. ఊరు అడవిలో, ఆటో ఆగిన చోటు నుంచి ఇంకా నడవాలి. ఆ ఊరి నుంచి పదో తరగతి దాటి వచ్చిన మొదటి ఆడపిల్ల. గ్రూపు పోతుందన్న మాట హాస్టల్ దాకా పాకిన రోజు సాయంత్రం నా దగ్గరికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఔనా మేడం? మన గ్రూపు పోతదా?"

"పోతే నువ్వు అక్కడికి వెళ్తావా?"

"మా అమ్మ పంపదు మేడం. ఈ హాస్టల్ వార్డెన్ ఎరికె గనుక ఈడ ఉంచింది. ఏరు దాటి పొమ్మంటే తునికాకు పనికి పొమ్మంటది. సెకండియర్ ఉండదు నాకు."

అంతే చెప్పింది. ఏడవలేదు. ఆ పిల్లనే స్పీకర్‌ను చేయాలని అప్పుడే అనుకున్నాను.

పోటీకి పై నుంచి తయారైన నాటకం ఒకటి వచ్చింది. ఒక ఊహా దేశం మీద మన ప్రభుత్వం యుద్ధానికి దిగుతుంది. మూడో దేశంతో ఆయుధాల ఒప్పందం మీద సంతకం చేస్తుంది. ఆ తర్వాత డబ్బు కోసం సభకు వస్తుంది. ప్రతిపక్షం అరుస్తుంది, బయటికి వెళ్లిపోతుంది. హర్షధ్వానాల మధ్య నిధులు మంజూరవుతాయి. పిల్లలు ఆ మాటలు బట్టీ పట్టి, వేలు చూపించాల్సిన చోట వేలు చూపించి, బల్ల చరచాల్సిన చోట చరిస్తే చాలు.

బల్లలు చరిపించడం నాకూ వచ్చు. కానీ పాఠం చెప్పకుండా నాటకం ఆడించే అలవాటు నాకు లేదు. రిహార్సల్ మొదటి రోజే నల్లబల్ల మీద గీత గీశాను. ఒక పక్క ప్రభుత్వం, ఇంకో పక్క సభ.

"మన దగ్గర వేరే దేశంతో ఒప్పందం చేసుకునేది ప్రభుత్వం. ముందుగా సభను అడగాలన్న నియమం లేదు. సైన్యాన్ని నడిపేదీ ప్రభుత్వమే. కానీ సంచిత నిధిలోంచి, అంటే దేశం ఖజానాలోంచి, పైసా తియ్యాలంటే సభ ఒప్పుకోవాలి. సంతకం వాళ్లది, సంచి మనది."

రక్షణ మంత్రి వేషం వేసిన పిల్లవాడు లేచాడు. వాళ్ల కుటుంబం రాష్ట్ర సరిహద్దు అవతలి ఊరు వదిలేసి వచ్చి మా వైపు అడవిలో గుడిసెలు వేసుకున్నది. గొంతు మాత్రం మైకు అవసరం లేని గొంతు.

"సంతకం పెట్టినంక అడుగుడేంది మేడం? లగ్గం అయినంక పిల్లను అడిగినట్టు!"

తరగతి అంతా నవ్వింది.

"అందుకే సభకు ఇంకో ఆయుధం ఉంది. ప్రభుత్వం చేసింది మొత్తానికే నచ్చకపోతే, అడిగిన నిధిని ఒక్క రూపాయికి తగ్గించమని తీర్మానం పెట్టొచ్చు."

"ఒక్క రూపాయితోని యుద్ధం ఎట్ల చేస్తరు?"

"చెయ్యలేరు. మీ విధానమే మాకొద్దని మర్యాదగా చెప్పడం అది."

ఆ రోజు నుంచి హాస్టల్లో ఎవరు ఏమడిగినా "ఒక్క రూపాయి ఇస్త, పో" అనడం మొదలుపెట్టారు. వంటమనిషి రెండోసారి పప్పు అడిగిన వాళ్లకు అదే మాట చెప్పిందట. పాఠం పప్పు గిన్నె దాకా వెళ్లిందంటే ఇంతకంటే మంచి రిజల్టు ఏముంటుంది? ఫిజిక్స్ వాళ్ల ఏ సూత్రమూ మా మెస్సు దాకా వెళ్లలేదు.

పోటీ రోజు ఖమ్మం చేరేసరికి మిగతా కాలేజీల వాళ్లు అప్పటికే వేషాలు వేసుకుని తిరుగుతున్నారు. ఒక ప్రైవేటు కాలేజీ పిల్లలకు ఇస్త్రీ మడత నలగని ఖద్దరు, ఒకే రంగు కండువాలు. మా ప్రధానమంత్రి మిర్చి రైతు కొడుకు. తండ్రి పెళ్లికి కట్టిన పంచె కట్టుకొచ్చాడు. అది మాటిమాటికీ జారుతుంటే దేశాన్ని ఒక చేత్తో, పంచెను ఒక చేత్తో పట్టుకుని నడిచాడు. నిర్వాహకుల్లో ఒకామె మమ్మల్ని చూసి, "ట్రైబల్ డ్యాన్స్ ఈవెంట్ పక్క హాల్లోనమ్మా" అంది. ఆమెను కూడా జాబితాలో రాసుకున్నాను. మా ప్రిన్సిపాల్ గారు కూడా వచ్చారు, మొదటి వరుసలో కూర్చున్నారు.

మా వంతు వచ్చింది. మొదట అంతా అద్భుతంగా నడిచింది. రక్షణ మంత్రి యుద్ధ ప్రసంగానికి వెనక వరుసల్లో ఈలలు పడ్డాయి. విదేశాంగ మంత్రి ఒప్పందం గురించి చెప్పింది. ప్రతిపక్షం వేళ్లు చూపించింది, బల్లలు చరిచింది. ఇక వాళ్లు బయటికి వెళ్లిపోవాలి, స్పీకర్ నోటి ఓటు అడగాలి, అయిపోవాలి.

వెళ్లిపోవాల్సిన ప్రతిపక్ష నాయకుడు తలుపు దాకా పోయి వెనక్కి తిరిగాడు. ఆవేశం ఎక్కింది. "డివిజన్ కావాలె!" అని గట్టిగా అరిచాడు.

డివిజన్ అంటే ఓట్లు లెక్కపెట్టమని అడగడం. అలా అడగొచ్చని నేనే చెప్పాను. నాటకంలో మాత్రం అది లేదు. లెక్కపెట్టడానికి అక్కడ సభ్యులను పిలిచే గంటా లేదు, చీటీలూ లేవు. నేను తెర పక్కన నిలబడి స్క్రిప్టు కాగితాలు తిరగేశాను.

 స్పీకర్ పిల్ల తనకు తెలిసిన పద్ధతి మొదలుపెట్టింది. వాళ్ల ఊరి వాళ్లు ఏదైనా నిర్ణయానికి కూర్చుంటే చేతులెత్తడం ఉండదట. పెద్దమనిషి ఒక్కొక్కరి ముఖం చూసి అడుగుతాడట. అందరూ నోరు విప్పి మాట చెప్పేదాకా ఎవరూ లేవరట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆ పిల్ల కుర్చీలోంచి దిగి, పాలకపక్షం మొదటి బల్ల ముందుకొచ్చి నిలబడటమే కనిపించింది.

"రైల్వే మంత్రి గారూ, యుద్ధానికి పైసలిద్దామా? మీ మాటేంది?"

"ఇద్దాం" అంది రైల్వే మంత్రి, బట్టీ పట్టినట్టే.

"విదేశాంగ మంత్రి గారూ, మీరు?"

"ఇద్దాం."

"రక్షణ మంత్రి గారూ?"

రక్షణ మంత్రి తల దించుకున్నాడు.  ఆ పిల్ల వదల్లేదు. అధికార భాష కూడా వదిలేసి, "నిన్నేరా. నీ మాట చెప్పు" అంది.

వాడు తల ఎత్తాడు. "స్పీచ్ అయితే చెప్పిన. మంచిగనే చెప్పిన. గని పైసలు మాత్రం ఇయ్య."

వెనక ఎవరో పకపకా నవ్వారు. వాడు అటు చూశాడు. ఆ చూపుకు నవ్వు ఆగిపోయింది.

"రెండు దిక్కులా తుపాకులుంటే నడిమిట్ల ఊరు ఏమైతదో మాకెరికె. ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు నన్నెవరన్న అడిగిన్రా? పైసలకు అడుగుతున్నరు. ఒక్క రూపాయిస్త. గంతే."

ఆ తర్వాత స్పీకర్ ఎవరి ముందు నిలబడ్డా అదే మాట వచ్చింది. "నాది గూడ ఒక్క రూపాయే." ఆరోగ్య మంత్రి, వ్యవసాయ మంత్రి, వెనక బల్లల వాళ్లు, వరసగా అందరూ. ఇద్దరు ముగ్గురు తప్ప సభంతా ఒక్క రూపాయి దగ్గరే ఆగింది. ఊరికే చెయ్యెత్తమంటే ఎత్తేవాళ్లే. ముఖంలోకి చూసి అడిగితే నాటకం చెప్పలేకపోయారు.

 ప్రధానమంత్రి పంచె పట్టుకుని తెర వైపు తిరిగి, మైకులో అందరూ వినేటట్టు, "మేడం, ఇప్పుడు నేనేం జెయ్యాలె?" అన్నాడు.

"రాజీనామా!" అన్నాను నేను. నా గొంతు కూడా మైకు అవసరం లేనిదే అని ఆ రోజు తెలిసింది.

"సరే, రాజీనామా చేస్తున్న" అన్నాడు వాడు. హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

న్యాయనిర్ణేతల్లో ఒక విశ్రాంత అధికారి మాత్రం కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. "ఏమ్మా స్పీకర్, ఇది స్క్రిప్టులో లేదు కదా?"

"ఓటు ఎటు పడతదో స్క్రిప్టుల ఎట్లుంటది సార్?" అంది మా స్పీకర్. పెద్దలతో ఎదురు మాట్లాడే పిల్ల కాదు. నిజంగానే అర్థం కాక అడిగింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని మార్కుల కాగితం మీదికి వంగారు.

బహుమతి రాలేదు. సమయం దాటిందని, ఇచ్చిన నాటకం తప్పారని మార్కులు కోసి చివరి వరుసలో పెట్టారు. మొదటి బహుమతి ఇస్త్రీ ఖద్దరు వాళ్లకు. వాళ్ల ప్రతిపక్షం బయటికి నడిచిన తీరు జెండా పండగ కవాతులా ఉంది, కాదనను. అది పార్లమెంటైతే మాత్రం నేను పాఠం చెప్పినన్నేళ్లూ వేరే దేశం గురించి చెప్పినట్టు.

మర్నాడు ప్రిన్సిపాల్ గారు పిలిచారు. "పిల్లలు బాగా చేశారు మేడం. నేనే చప్పట్లు కొట్టాను. కానీ ఫస్టు రాలేదు కదా. ప్రతిపాదన ఈ వారం పంపేస్తాను" అన్నారు.

"పంపండి సార్. స్టాఫ్ కౌన్సిల్ ఎప్పుడు పెడుతున్నారు?"

"దానికి కౌన్సిల్ ఎందుకండీ? పెట్టాం అనుకోండి."

"అనుకోను సార్. ప్రతిపాదనకు కౌన్సిల్ తీర్మానం జత చేయాలి. మీరు, అవతలి గట్టు సారు ఒప్పందం చేసుకోవచ్చు. మేం ఒప్పుకున్నామని మా బదులు మీరు రాయలేరు."

మా సొంతూరు వైరాలో చర్చికి సున్నం వేయించాలన్నా పాస్టరు గారు సంఘాన్ని కూర్చోబెట్టి అడగాల్సిందే. ఆ సంఘంలో ప్రతిసారీ లేచి ప్రశ్న వేసే మనిషి మా నాన్న. నాకు ఈ అడిగే గుణం ఎక్కడి నుంచి వచ్చిందని మా స్టాఫ్ ఆశ్చర్యపోయేవాళ్లు గానీ, రావడానికి చోటు ఉంది.

కౌన్సిల్ పెట్టారు. ప్రిన్సిపాల్ గారు తొందరగా ముగించాలని, "అభ్యంతరం లేదనుకునే వాళ్లు చెయ్యెత్తండి" అన్నారు. ఐదారు చేతులు అప్పుడే గాల్లోకి లేస్తున్నాయి. అందరూ అంతకుముందు వరండాలో "పోతే పోనీ, మనకెందుకు" అనుకున్నవాళ్లే.

నేను లేచాను. "చేతులొద్దు సార్. ఒక్కొక్కరినీ అడగండి. ఒక ఆడపిల్ల చదువు ఆపేయమని చెప్పేవాళ్లు నోటితో చెప్పనివ్వండి."

"మేడం, ఇది పార్లమెంటు కాదు" అన్నారు ఎవరో.

"అందుకే ఇక్కడ స్క్రిప్టు కూడా లేదు" అన్నాను.

 ప్రిన్సిపాల్ గారు ఖమ్మంలో ఆ హాల్లో కూర్చున్న మనిషి. ఏం జరుగుతుందో ఆయనకు నాకంటే ముందే తెలిసి ఉండాలి. అయినా అడిగారు. అందుకు ఆయనను గౌరవిస్తాను. నా జాబితాలో కొట్టివేసిన పేర్లు తక్కువ, వాటిలో ఆయనది ఒకటి.

తెలుగు మాస్టారు నీళ్లు నమిలి, "ఉండనివ్వండి సార్" అన్నారు. బాటనీ మేడం, "నాకూ ఆడపిల్లలున్నరు, నేను చెప్పలేను" అంది. జువాలజీ ఆయన ల్యాబే ముఖ్యమన్నారు. ఆ నిజాయితీ నాకు నచ్చింది, కోపమూ వచ్చింది. ఫిజిక్స్ లెక్చరర్ వంతు వచ్చింది.

ఆయన టేబుల్ చెక్కను గోటితో గీకాడు. "నాకు ల్యాబు కావాలె. దాచేదేముంది? వచ్చిన్నాటి నుంచి ఒక్క మంచి మీటర్ లేకుంట ప్రాక్టికల్స్ చేయిస్తున్న. నాకు లేదా గోస?" అన్నాడు. నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగున్రి మేడం, నన్ను అడిగిన్రు గదా, చెప్పనియ్యున్రి. ల్యాబు కావాలె. గని ఆ పిల్లను ఏరు దాటి పొమ్మని నా నోటితోని నేనన. నన్ను లెక్కల వేసుకోకున్రి."

తీర్మానం వీగిపోయింది. ఎక్కువ తేడాతో కాదు, వీగిపోయింది. ప్రిన్సిపాల్ గారికి ఇంకో దారి ఉంది. మీ మాట సలహా మాత్రమే అని తానే పంపేయొచ్చు. ఆయన కాగితాలు సర్దుకుంటూ, "సంతకం నాది, సంచి మీది. అంతే కదా మేడం మీ పాఠం?" అని లేచి వెళ్లిపోయారు. ఆ మాట పిల్లల నోటి నుంచి ఆయన చెవిన ఎప్పుడు పడిందో నాకిప్పటికీ తెలియదు. ప్రతిపాదన వెళ్లలేదు.

ఆ తర్వాత నేనూ, ఫిజిక్స్ లెక్చరరూ కలిసి ల్యాబు సామాను కోసం పై ఆఫీసుకు అర్జీ మీద అర్జీ పెట్టాం. ఫిర్యాదు రాయడంలో నాకున్న అనుభవం ఆయనకు లేదని మొదటి అర్జీ చదివితేనే తెలిసింది. రెండోది నేనే రాశాను. సామానంతా రాలేదు, కొంత వచ్చింది.

మీకు చెప్పేదేమంటే, మన సబ్జెక్టులో అధికారం ఎవరిదన్న ప్రశ్న పరీక్షలో ఐదు మార్కులకే వస్తుంది. మనిషిని ఎదురుగా నిలబెట్టి అడిగితే అదే ప్రశ్నకు ఎంత బలం ఉంటుందో నా పిల్లలు ఖమ్మంలో చూపించారు. నాకు ఉత్తమ అధ్యాపక అవార్డు ఎప్పుడూ రాలేదు. ఎందుకు రాలేదో, ఎవరు అడ్డుపడ్డారో తెలుసు. ఆ అవార్డు వచ్చిన వాళ్లలో ఒక్కరి తరగతైనా ప్రభుత్వాన్ని పడగొట్టిందా అని మాత్రం అడుగుతుంటాను.

జూన్‌లో కాలేజీ తెరిచారు. రెండో సంవత్సరం గదిలోకి వెళ్లి హాజరు తీసుకున్నాను. స్పీకర్ పిల్ల పేరు దగ్గర ఆగి పిలిచాను.

"ఉన్న మేడం."

వినబడనట్టు మళ్లీ పిలిచాను.

"ఉన్ననే మేడం! ఎన్నిసార్లు చెప్పాలె?" అంది విసుగ్గా.

ఇంకొకసారి పిలిచాను.